మస్తాన్ మామ చూసిపెట్టిన మిషను

కొత్త మిషను నూనె వేడెక్కితే వచ్చే వాసన, దాని సూది కింద నలుగుతున్న తోలు వాసన, రెండూ కలిసి ముక్కుకు తగిలితే నేను ఇప్పటికీ ముఖం పక్కకు తిప్పుకుంటాను. ఈ సంగతి బయట ఎవరితోనూ అనను, ఎందుకంటే నా బతుకు గడిచేదే ఆ వాసన మీద. మార్కాపురంలో రెండు గదుల అద్దె షెడ్డులో ఆరుగురు ఆడవాళ్లతో కలిసి తోలు సంచులు, బెల్టులు కుట్టే మనిషిని నేను. పోయిన నెల ఇంకో మిషను అవసరమై విజయవాడలో ఒక షోరూముకు పోతూ నాయనను కూడా వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయనకు ఎనభై దగ్గరపడ్డాయి, చేతులు వణుకుతాయి, కానీ చేతికి తోలు ముక్క ఇస్తే మాత్రం ఆ వణుకు ఎక్కడికో పోతుంది.

షోరూములో మాకు మిషన్లు చూపించినాయన ఓపికమంతుడు. బల్లపరుపుగా ఉండేది బెల్టులకు బాగుంటుందని, గొట్టంలాంటి చెయ్యి ముందుకు చాచుకుని ఉండేదైతే సంచిని దానికి తొడిగి చుట్టూ కుట్టుకోవచ్చని, మందపు తోలుకు మాత్రం సూదితో పాటు తోలును నొక్కిపట్టే పైపాదం కూడా అడుగు వేసే మిషనే కావాలని, లేకపోతే కిందిపొర జరిగిపోయి పైపొర ఉన్నచోటే ఉండిపోతుందని చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. అంతా అయ్యాక అసలు ప్రశ్న అడిగాడు. మీరు కుట్టబోయే తోలు తెచ్చారా, అన్నిటికన్నా మందమైనది, మీరు వేసే మడతలతో సహా ఇవ్వండి, దాని మీదే కుట్టి చూపిస్తాను, వేరే ముక్క మీద కుట్టి చూసి మిషను కొంటే తర్వాత నన్ను తిట్టుకుంటారు అన్నాడు.

నాయన కుర్చీలో ముందుకు వంగాడు. "అట్ల అడిగినావు చూడు, అదీ మాటంటే. మేము ఒకప్పుడు ఆడనే మోసపోయినాం నాయనా. నమ్మిన మనిషే కమీషన్‌కు కక్కుర్తిపడి పనికిరాని మిషను అంటగట్టినాడు. ఇదిగో, ఈ బిడ్డ అప్పుడు పక్కనే ఉండె, అడుగు."

షోరూమాయన నా వైపు చూశాడు. నేను అవునన్నట్టు తల ఊపాను. నలభై ఏడేళ్లు వచ్చిన దాన్ని, ఆరుగురికి పని చెప్పేదాన్ని, సిగ్గులేకుండా తల ఊపాను. నిజానికి కమీషన్ ఎవరూ తినలేదు. మోసం చేసింది నేను, పన్నెండేళ్ల వయసులో, ఒకే రోజున మూడు అబద్ధాలు, కొన్నాళ్లకు ఇంకొకటి ఆడి చేశాను, ఆ తర్వాత ముప్పై ఐదేళ్లు నోరు మూసుకుని ఆ మోసాన్ని కాపాడుకుంటూ వచ్చాను.

మా ఊరు తర్లుపాడుకు నడిచిపోయేంత దూరం. ఊరికి కాస్త ఎడంగా మా పేట, పేటకు చివర మా ఇల్లు, ఇంటి వెనక లంద, అంటే తోళ్లు నానబెట్టే గుంట. నాయన బీళ్లలోకి పోయి తంగేడు చెక్క కొట్టుకొచ్చేవాడు, అమ్మ దాన్ని రోట్లో వేసి దంచేది, ఆ పొడి లందలో పడితే నీళ్లు రెండు రోజుల్లో కషాయం రంగుకు తిరిగేవి. ఎండాకాలం మేకులు కొట్టి పరిచిన తోళ్లు ఎండి పెళపెళమనేవి, వానాకాలం ఎంత చూసుకున్నా బూజు పట్టేవి, చలికాలం పొద్దున్నే లంద మీద పల్చటి ఆవిరి లేచేది, అన్ని కాలాల్లోనూ సున్నం, చెక్క, పచ్చితోలు కలిసిన ఒక వాసన మా బట్టల్లో, దుప్పట్లలో, మా అన్నంలో కూడా ఉండేది. లోపల ఉన్నంతకాలం ఆ వాసన మాకు తెలిసేది కాదు, నాకది తెలియడం మొదలైంది తర్లుపాడు హైస్కూల్లో చేరాకే.

నాయన ఎద్దుల మెడకు మువ్వల పట్టెలు, చర్నాకోలలు, కిర్రు చెప్పులు కుట్టేవాడు. తోలు పదును చూడాలంటే దాన్ని మడిచి చెవి దగ్గర పెట్టుకునేవాడు, అది చేసే చప్పుడును బట్టి ఇంకో వారం నానాలో, తీసెయ్యాలో చెప్పేవాడు. నాకు ఆ చెవి రాలేదు గానీ వేళ్లు వచ్చాయి. కళ్లు మూసుకుని బొటనవేలితో నొక్కి ఇది మేక, ఇది గొర్రె, ఇది బర్రె వీపు, ఇది బర్రె పొట్ట అని చెప్పేదాన్ని. ఎవరైనా చెప్పుల కోసం వస్తే నాయన నన్ను పిలిచి, నా కళ్లకు తువ్వాలు కట్టి, ఆ విద్య నాతో చేయించి, ఒక్కటీ తప్పకపోతే మీసాల కింద నవ్వుకునేవాడు. నా బిడ్డ చెప్పిందంటే అది అంతే అని వచ్చినవాళ్లకు చెప్పి పంపేవాడు.

దసరా వస్తే మా ఇంట్లో పనిముట్లకు తలంటు. తోలుకు చిల్లిపొడిచే ఆరెలు, తోలు కోసే రంపె, సుత్తి, చెక్క అచ్చులు అన్నీ చింతపండుతో తోమి, పీట మీద పేర్చి, పసుపు కుంకుమలు పెట్టి, తంగేడు పూలు చల్లేవాళ్లం, ఆ పూలు అప్పుడే బీళ్లనిండా విరగబూసి ఉండేవి. అమ్మ అలసంద వడలు వేసేది, కొర్ర బియ్యంలో బెల్లం పోసి పొంగలి చేసేది, ఆ రోజు ఎవరూ తోలు ముట్టుకోకూడదు. పూజ అయిపోయే వేళకు ఎర్ర అంచు పంచె కట్టుకుని, తన సైకిలుకు కూడా ఒక బంతిపూల దండ వేసుకుని మస్తాన్ మామ వచ్చేవాడు, ముందు వడల మీద పడి, ఆ తర్వాతే పలకరింపులు మొదలుపెట్టేవాడు.

మస్తాన్ మామ మాకు చుట్టం కాదు, దూదేకులాయన. తర్లుపాడులో బస్సులు ఆగే చోట ఆయన టైలరు షాపు. నాయనకు చిన్నప్పటి నుంచి జోడీ, బావా అంటే బావా అనుకునేవాళ్లు, నన్ను కోడలా అని పిలిచేవాడు. పీర్ల పండగకు ఆయన భార్య రమీజా అత్త బెల్లం, గోధుమరొట్టె కలిపి నలిపి చేసిన మలీద ముద్దలు కంచుగిన్నెలో పెట్టి, పైన తడిగుడ్డ కప్పి పంపేది, మా పేటకు గిన్నె పంపితే తిరిగి ఎలా తీసుకోవాలా అని ఆలోచించని ఇల్లు నాకు తెలిసినంతలో అదొక్కటే. నా లంగాలకు మామ లోపల రెండు మడతలు దాచి కుట్టేవాడు, నేను పెరిగినకొద్దీ ఒక్కో మడత విప్పుకుంటే మూడేళ్లు వచ్చేది, మూడేళ్ల తర్వాత పై రంగు వెలిసిపోయి, కొత్తగా విప్పిన చోట మాత్రం కొన్నప్పటి రంగు పట్టీలాగా మెరిసేది, ఆ పట్టీలు చూసి స్కూల్లో పిల్లలు నవ్వేవాళ్లు.

మామకు ఇంకో విషయంలో మంచి పేరుండేది. వెలిగండ్ల నుంచి కంభం దాకా ఎవరు కుట్టుమిషను కొనాలన్నా ముందు మస్తాన్‌ను పిలవండి అనేవాళ్లు. ఆయన మిషను పక్కన గొంతుక్కూర్చుని, చక్రం తిప్పి, లోపలి చప్పుడు వినేవాడు, ఖాళీ బాబిన్‌ను బల్ల మీద నిలబెట్టి మిషను తిప్పితే అది పడిపోతుందో లేదో చూసేవాడు, దారం పళ్లతో తెంపి కుట్టును గోటితో గీకేవాడు, తర్వాత తీసుకో అనో, వద్దు అనో ఒక్క మాట చెప్పి టీ తాగి సైకిలెక్కేవాడు. ఆ టీ తప్ప ఆయన ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకున్నది లేదు. ఇప్పుడు ఈ వాక్యం రాస్తుంటే నా చెయ్యి ఆగిపోతోంది, ఎందుకంటే ఈ ఒక్క వాక్యం అప్పుడు నోరు తెరిచి అని ఉంటే సరిపోయేది.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు నాయనకు మిషను ఆలోచన పుట్టింది. మార్కాపురం చుట్టుపక్కల పలకరాయి చీల్చేవాళ్ల అరచేతులు ఎప్పుడూ కోసుకుపోయి ఉండేవి. మేం తొక్కుడుబిళ్ల ఆడుకునే విరిగిన పలకముక్క కూడా ఒక్కోసారి బొటనవేలిని బ్లేడులాగా కోసేసేది, ఇక రోజంతా ఆ రాయితోనే ఉండేవాళ్ల సంగతి చెప్పాలా. నాయన బర్రెతోలు రెండు పొరలు వేసి ఒక అరచేతి తొడుగు కుట్టి, పలకల పని చేసే ఒకాయనకు ఇచ్చాడు. నెలకల్లా ఆ పని చేయించే యజమాని కబురు పంపాడు, ఎన్ని కుడితే అన్ని తీసుకుంటానన్నాడు, కాకపోతే ఆలస్యం పనికిరాదన్నాడు. చేత్తో కుడితే రోజుకు మూడు జతలు కావడం కష్టం. ఎద్దులు పోయి ట్రాక్టర్లు వస్తున్నాయి, పట్టెలు అడిగేవాళ్లు తగ్గిపోయారు, ఈ తొడుగులు నిలబడితే ఇల్లు నిలబడుతుంది, లేకపోతే వలసపోవడమే. పాలిచ్చే బర్రెను అమ్మేశారు. గిద్దలూరులో స్టేషను దగ్గర పాత మిషన్ల దుకాణంలో తోలు కుట్టేవి రెండు వచ్చాయని తెలిసింది, మామ, నాయన, నేను ముగ్గురం ఆదివారం పోదామనుకున్నాం. నన్నెందుకంటే, దుకాణంలో ఇంగ్లీషులో ఏదైనా రాసి ఉంటే చదవడానికి.

ఆ ఆదివారం తెల్లారేసరికి ఊళ్లో ఒకరి ఎద్దు చచ్చిపోయింది. ఊళ్లో గొడ్డు పోయిందని కబురొస్తే నాయన గంటలో అక్కడ ఉండాలి, పెళ్లికి బయల్దేరినా చెప్పులు విప్పి వెనక్కి రావలసిందే, అది అప్పటి కట్టుబాటు. దుకాణంవాడు సోమవారం దాకా ఆగనని ముందే చెప్పి ఉన్నాడు. నాయన కాసేపు తల పట్టుకుని కూర్చుని, తర్వాత రెండు తోలు ముక్కలు గోనెగుడ్డలో చుట్టి నా చేతికిచ్చాడు. ఒకటి లందలోంచి తీసి ఇంకా పూర్తిగా ఆరని బర్రె వీపుతోలు, రెండు పొరలు మడిచి దబ్బనంతో బిగించినది, రెండోది లోపలి అస్తరుకు వేసే మేకతోలు.

"మామకు మిషన్లు తెలుసు, తోలు తెలీదు. నీకు తోలు తెలుసు. మేకతోలు ఏ మిషనైనా కుడతాది, దాని సంగతి ఇడిసిపెట్టు. ఈ బర్రెతోలును ఏది కుడతాదో అదే మన మిషను. మామకు చెప్పు," అన్నాడు. రెండుసార్లు చెప్పించుకుని పంపాడు.

తర్లుపాడు స్టేషన్లో రైలెక్కాం. అప్పటికింకా చిన్న పట్టాల రైలే, నెమ్మదిగా పోయేది, కిటికీలోంచి చెయ్యి చాస్తే కంప తగిలేది. పెట్టెలో అడుగుపెట్టానో లేదో, "ఏయ్, ఇట్ల రా," అని సునీత పిలిచింది. సునీత ఆ సంవత్సరమే మా క్లాసులో చేరింది, వాళ్ల నాయన రైల్వేలో పనిచేసేవాడు, వాళ్లమ్మతో కలిసి నంద్యాల పోతోంది. మా ఇల్లు ఎక్కడో ఆమెకు తెలియదు. తెలిసిన పిల్లలు బెంచీ మీద నా పక్కన పుస్తకాలు పెట్టి జాగా లేదనేవాళ్లు, ఏమీ తెలియని సునీత ఒక్కతే నా పక్కన కూర్చుని నా డబ్బాలో చెయ్యి పెట్టి తినేది. మా నాయన పలకల ఫ్యాక్టరీలో గుమాస్తా అని ఆమెకు చెప్పి ఉన్నాను. నేను వాళ్ల ఎదురుగా కూర్చున్నాను, మామ అవతలి బల్ల మీద కూర్చున్నాడు. ఆయనెవరు అని సునీత అడిగింది. మామ నా వైపే చూస్తున్నాడు, వినపడేంత దూరంలోనే ఉన్నాడు.

"మా ఊరాయన," అన్నాను.

మామ కిటికీ వైపు తిరిగి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

రైలు కదిలాక ఎండ పెరిగింది, గోనెగుడ్డలో తడితోలు ఉడకడం మొదలుపెట్టింది. సునీత వాళ్లమ్మ చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మంచి మనిషే, ఎవరినీ ఏమీ అనలేదు, "ఏందబ్బా ఈ కంపు, బల్లల కింద ఎలకేమన్నా చచ్చిందేమో చూడండి," అని మాత్రం అంది. సునీత వంగి నా కాళ్ల కింద చూసింది. గోనెమూటను మడమలతో వెనక్కి తోసి, నేను కూడా వాళ్లతో పాటు ముక్కు మూసుకుని అటూ ఇటూ చూశాను. సునీత వాళ్లమ్మ నాకు రెండు జంతికలు ఇచ్చింది, తోలు పట్టుకున్న చేత్తోనే తిన్నాను, నా చేతికి అదే వాసన.

కంభంలో రైలు ఆగింది. నీళ్లు తాగొస్తానని మూట తీసుకుని దిగాను. కుళాయి వెనక గోడ చాటున గుడ్డ విప్పి, బర్రెతోలును గుడ్డతో సహా అక్కడ పడేశాను. పొడిగా ఉన్న మేకతోలు ఒక్కటే లంగా నడుముకు దోపుకున్నాను. పడేసి తిరిగేలోపే ఒక కుక్క వచ్చి దాన్ని నోట కరుచుకుని పట్టాలు దాటి పోయింది. నాయన మూడు వారాలు లందలో తిప్పి తిప్పి తీసిన వీపుతోలు అది. చేతులు కడుక్కుని, ముఖం కూడా కడుక్కుని, పోయి సునీత పక్కన కూర్చుని, గిద్దలూరు వచ్చేదాకా నవ్వుతూ కబుర్లు చెప్పాను. ఇంత కచ్చితంగా గుర్తుంది కాబట్టే రాస్తున్నాను, అప్పుడు నాకు భయం వెయ్యలేదు, హాయిగా ఉంది.

దుకాణంలో రెండు మిషన్లున్నాయి. ఒకటి నల్లది, దుక్కలాగా, రంగు పెచ్చులూడిపోయి, బండసూది, చేటంత చక్రం, నెమ్మదిగా ధబ్ ధబ్ మని అడుగులు వేసినట్టు కుట్టేది. రెండోది ఆకుపచ్చది, పూలబొమ్మ గీసి, తళతళలాడుతూ, తొక్కితే తేనెటీగలాగా పాడేది. మామ రెండిటి పక్కనా కూర్చుని విన్నాడు, బాబిన్ నిలబెట్టాడు, కిందికి వంగి గుడ్డను జరిపే పళ్లు చూశాడు. నల్లదాని మీద చెయ్యి వేసి, నాకెందుకో ఇదే అనిపిస్తాంది అన్నాడు. అప్పుడు నా వైపు చెయ్యి చాచాడు.

నేను మేకతోలు ఇచ్చాను. ఆయన దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇంత పల్చగా ఉందేంది కోడలా? తొడుగులు కుట్టేది దీంతోనేనా?" అన్నాడు.

"దీంతోనే మామా. నాలుగు మడతలేసి కుడతాడు నాయన," అన్నాను.

నాలుగు మడతలు ఎక్కడి నుంచి పుట్టాయో నాకు తెలియదు, అంత వంకర లేకుండా అబద్ధం చెప్పగలనని నాకే తెలియదు. మామ తోలు విషయంలో పన్నెండేళ్ల పిల్ల మాటకు ఎదురు చెప్పలేదు, ఎందుకంటే నా కళ్లకు తువ్వాలు కట్టిన పూట ఎన్నోసార్లు ఆయన పక్కనే ఉన్నాడు. మేకతోలును నాలుగు మడతలు వేసి నల్లదాని కింద పెట్టాడు. ఆ బండసూదికి మెత్తటి తోలు చిల్లులు పడి, ముడతలు పోయి, కుట్టు వెంట చిరిగిపోయింది. ఆకుపచ్చది అదే ముక్కను వెన్నలాగా, ఒక గింజ పక్కన ఒక గింజ పేర్చినట్టు కుట్టింది. మామ చాలాసేపు నల్లదాని వైపే చూశాడు, మనసొప్పక ఇంకోసారి కుట్టి చూశాడు, మళ్లీ చిరిగింది. చివరికి ఆకుపచ్చదే తీసుకున్నాం. నాకూ అదే కావాలనిపించింది, అది మా ఇంట్లో వస్తువులాగా లేదు, సునీత వాళ్లింట్లో ఉండే వస్తువులాగా ఉంది.

శుక్రవారం టెంకాయ కొట్టి నాయన కుట్టడం మొదలుపెట్టాడు. బర్రెతోలు రెండు పొరలు పెట్టి తొక్కితే సూది టప్పున విరిగింది. ఇంకోటి వేశాడు, అదీ విరిగింది. మూడోది దిగింది గానీ కిందిపొర ముందుకు పోయి పైపొర ఉన్నచోటే నిలబడింది, దారం ముడుచుకుపోయింది, లోపల ఏదో పట్టేసి చక్రం ఆగిపోయింది. పేటలో వాళ్లంతా చూడ్డానికి వచ్చి నిలబడ్డారు. అమ్మ బర్రె లేని కొట్టం వైపు చూసి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామకు కబురు పోయింది.

మామ వచ్చి మిషను ముట్టుకోలేదు, నాయన చేతిలో ఉన్న తోలు తీసుకుని మందం చూశాడు. "బావా, ఈ తోలు నాకెవరూ చూపియ్యలా," అన్నాడు.

"నా చేత్తో కట్టి పంపినా బావా," అన్నాడు నాయన, ఇద్దరూ నా వైపు తిరిగారు. నాయన గొంతులో కోపం లేదు. "ఏం ఇచ్చినావమ్మా మామకు?"

చెప్పొచ్చు. కొట్టినా రెండు దెబ్బలు, అంతకన్నా ఏముంటుంది. కానీ చెప్పాలంటే ఎందుకు పడేశానో చెప్పాలి, ఆ వాసన నాది కాదని ముక్కు మూసుకున్నానని, నాయన గుమాస్తా అని చెప్పుకున్నానని, ఆ చేతులతో తిండిపెడుతున్న మనిషి ముందు నిలబడి చెప్పాలి. నాలుక దానంతటదే కదిలింది.

"రెండూ ఇచ్చినా. మందంది వద్దులే అని మామే పక్కన పెట్టినాడు."

మామ నా ముఖంలోకి చూశాడు. "చెప్పు కోడలా," అన్నాడు, నేను చెప్తానని అలాగే నిలబడి చూశాడు. నేను కింద పడిన సూదిముక్కలు ఏరుతూ కూర్చున్నాను.

"నా బిడ్డ నోటెంట అబద్ధం రాదు," అన్నాడు నాయన. "ఎంతిచ్చినాడు బావా నీకు ఆ దుకాణపోడు?"

మామ తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. సైకిలెక్కలేదు, నడిపించుకుంటూ పోయాడు. ఆ తర్వాత ఆయన మా గుమ్మం తొక్కలేదు.

దుకాణంవాడు మిషను వెనక్కి తీసుకోలేదు. తొడుగుల పని వేరేవాళ్లకు పోయింది. నాయన ఇంకో పదేళ్లు చేత్తోనే దొరికిన పనల్లా కుట్టాడు, మధ్యలో రెండేళ్లు అమ్మను తీసుకుని బేల్దారి పనికి వలసపోయాడు, నన్ను హాస్టల్లో వేసి చదువు మాత్రం ఆపలేదు. ఆకుపచ్చ మిషను మీద గోనె కప్పితే దాని మీద కోళ్లు పొదిగాయి. ఇవన్నీ ఒక ఎత్తు. నాయన అన్న మాట పేట దాటి, ఊరు దాటి, తర్లుపాడులో బస్సులు ఆగే చోటికి చేరింది, అక్కడ మామకు కమీషన్ మస్తాన్ అని పేరు పడింది. మిషను చూసిపెట్టమని పిలిచేవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. హాస్టల్ నుంచి సెలవులకు బస్సు దిగినప్పుడల్లా ఆయన షాపు ముందు నుంచే నడవాలి. తల వంచుకుని నడిచేదాన్ని. ఒకసారి రమీజా అత్త షాపు మెట్ల మీద ఉల్లిపాయలు ఒలుస్తూ నన్ను చూసి, ఎంత పొడుగైనావే అని నవ్వబోయి, మామ వైపు చూసి ఆగిపోయింది. ఆ ఏడాది నా లంగాలో ఆయన దాచిన చివరి మడత విప్పుకుని కట్టుకున్నాను.

నేను చెన్నైలో తోలుపని కోర్సు చదివింది, తిరిగి వచ్చి ఈ పనే పెట్టుకుంది ప్రాయశ్చిత్తం అనుకుని కొన్నాళ్లు నన్ను నేను మెచ్చుకున్నాను. ఉత్త మాట. ప్రాయశ్చిత్తానికి ఒక్క వాక్యం చాలు, అది చెప్పకుండా మిగతాదంతా చేశాను. ఎనిమిదేళ్ల కిందట మామ పోయాడని కబురొచ్చింది. నాయన మంచం మీద లేచి కూర్చుని, చెప్పుల కోసం కాళ్లతో వెతికి, మళ్లీ ఆగిపోయాడు. "కమీషన్ తిన్నోని మట్టికి నేను పోయేదేంది," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పోవాలని ఉందని ముఖంలో తెలుస్తూనే ఉంది. నేను అక్కడే, ఆ గదిలోనే, ఆయన బట్టలు మడతపెడుతున్నాను. తువ్వాలు కూడా మడిచి బట్టల మీద పెట్టాను.

విజయవాడ నుంచి తిరిగొస్తూ, వినుకొండ దాటాక, పట్టపగలు, బస్సులో చెప్పాను. మొత్తం చెప్పాను, జంతికలతో సహా. నాయన కిటికీ వైపు తిరిగి విన్నాడు. "కుక్క ఎత్తుకపోయిందా?" అని ఒక్కటే అడిగాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్న గ్లాసులో టీ చల్లారిపోతుండగా, ఎవరితోనో అన్నట్టు, "మట్టికి కూడా పోలేదే నేను," అన్నాడు. తర్లుపాడు తీసుకుపొమ్మన్నాడు.

తీసుకుపోయాను. షాపు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు, రమీజా అత్త కూతురి దగ్గరికి వెళ్లిపోయింది, ఎక్కడుందో అక్కడెవరికీ సరిగ్గా తెలియలేదు. చిన్న పట్టాల రైలు పోయి ఎన్నో ఏళ్లయింది. మా లందను పూడ్చి దాని మీద ఎవరో బాత్రూము కట్టుకున్నారు, తంగేడు చెక్క దంచిన రోలు ఏమైందో తెలియదు, మువ్వల పట్టె కుట్టడం తెలిసినవాళ్లు చుట్టుపక్కల ఒక్కరూ మిగల్లేదు. ఖబరస్తాన్ గేటు దగ్గర నాయన నా భుజం మీద నుంచి చెయ్యి తీసేశాడు. "నువ్వు ఈడనే ఉండు," అన్నాడు. ఒక్కడే లోపలికి పోయాడు. గేటు కమ్మీల్లోంచి చూశాను, ఏ సమాధో తెలియక ఒక్కోదాని దగ్గరా ఆగుతూ, వంగి చూస్తూ, చాలాసేపు తిరిగాడు. ఆయనకు చదవడం రాదు. నన్ను మాత్రం పిలవలేదు.

కొత్త మిషను వచ్చింది, బాగా కుడుతోంది. నాయన కూడా మాట్లాడుతున్నాడు, అన్నం పెట్టు అంటాడు, ఫ్యాను వెయ్యి అంటాడు, పనివాళ్ల ముందు నన్ను పల్లెత్తు మాట అనలేదు. మొన్న కాళ్లవాపుకు డాక్టరు కొత్త మాత్రలు రాశాడు. తెల్లవి పొద్దున, పసుపువి అన్నం తిన్నాక అని చీటీ చూసి చెప్పాను, తల ఊపి తీసుకున్నాడు. కాసేపటికి నేను బయటికి వస్తే, నాయన పక్క వాటాలో ఉండే టీచరమ్మ గుమ్మం ముందు నిలబడి, రెండు చేతులతో ఆ చీటీ ఆమె ముందుకు చాచి ఉన్నాడు. "కొంచెం చదివి చెప్పమ్మా, దీంట్లో ఏం రాసినారో," అంటున్నాడు.